జింకు, ఇనుము, అల్యూమినియం, ఇత్తడి: స్వచ్ఛత తేల్చడానికి ఏ చర్యను ఎంచుకోవాలి?

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి, గంజాం జిల్లాల్లో ప్లస్ టూ, డిగ్రీ చదువుతున్న మన తెలుగు పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మాస్టారండీ, ఈ ముక్కలో అసలు జింకు ఎంత శాతముందో కనుక్కోవాలంటే ఏ పద్ధతి మంచిదండీ?" మోల్ లెక్క, అంటే సమీకరణంలోని నిష్పత్తిని పట్టుకుని ఏ పదార్థం ఎంతో కట్టే లెక్క, వాళ్లకు వచ్చు. క్లాసులో ఒడియాలోనో ఇంగ్లీషులోనో విన్న పాఠాన్ని ఇంట్లో తెలుగులో చెప్పుకుని మరీ లెక్క కడతారు. చిక్కు లెక్కలో లేదు, ఆ లెక్కను ఏ చర్య మీద కట్టాలన్న దగ్గర ఉంది. పుస్తకంలో ఆ చర్యను ప్రశ్న రాసినవాళ్లే ఎంచి ఇస్తారు. ల్యాబ్‌లో మనమే ఎంచుకోవాలి.

సూత్రం చిన్నదే. నమూనాలో ఉన్న లోహం బరువును నమూనా మొత్తం బరువుతో భాగించి, వందతో హెచ్చవేస్తే స్వచ్ఛత శాతం వస్తుంది. అయితే ఆ మొదటి బరువును నేరుగా తూచలేం. లోహం ఎంత హైడ్రోజన్ వదిలింది, ఎంత ఆమ్లం ఖర్చు చేసింది, ముదురు ఊదారంగులో ఉండే పర్మాంగనేట్‌ను ఎంత రంగు పోగొట్టింది అని చూసి, సమీకరణంలోని నిష్పత్తిని పట్టుకుని వెనక్కి లెక్కిస్తాం. అంటే మనం లెక్కపెట్టేది లోహాన్ని కాదు, అది చేసిన పనిని. మలినం కూడా అదే పని చేస్తే అది లోహం ఖాతాలో పడిపోతుంది. అందుకే పద్ధతి ఎంచుకునే ముందు పిల్లలను రెండు ప్రశ్నలు అడుగుతాను. నమూనాలో ఇంకేం ఉండే అవకాశం ఉంది? మీరు అనుకున్న చర్యలో అది ఏం చేస్తుంది? వీటికి జవాబు దొరికాకే ఏ తక్కెడ ఉంది, ఏ గాజుసామాను ఉంది అన్న మాట.

జింకు: వాయువును కొలవాలా, ఆమ్లాన్ని కొలవాలా?

జింకు మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ఒక మోల్ జింకుకు ఒక మోల్ హైడ్రోజన్ వస్తుంది. జింకు పరమాణు భారం 65.38. కాబట్టి వచ్చిన హైడ్రోజన్ మోల్‌లను 65.38తో హెచ్చవేస్తే చర్యలో పాల్గొన్న జింకు గ్రాముల్లో వచ్చేస్తుంది. ఒక బ్యూరెట్ (గీతలు, అడుగున కుళాయి ఉన్న సన్నని గాజుగొట్టం), ఒక బీకరు, మిల్లీగ్రాము వరకు తూచే తక్కెడ ఉంటే చాలు. బ్యూరెట్‌లో అడుగున ఆమ్లం పోసి, పైన నెమ్మదిగా నీళ్లతో నింపి, రాగి తీగ చుట్టిన జింకు ముక్కను మూతి దగ్గర నిలిపి, నీళ్లున్న బీకరులో తలకిందులు చేయాలి. బరువైన ఆమ్లం కిందికి దిగి జింకును తాకుతుంది, వాయువు పైకి చేరుతుంది. రాగి తీగ పట్టుకోవడానికి మాత్రమే కాదు, దాన్ని తాకుతూ ఉంటే జింకు త్వరగా కరుగుతుంది. తొందర కోసం మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చుక్క వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది వద్దు. తుత్తంలోని రాగి, హైడ్రోజన్ రానీయకుండానే కొంత జింకును తినేస్తుంది.

తలకిందులైన బ్యూరెట్‌లో 50 గీతకూ కుళాయికీ మధ్య గీతలు లేని జాగా ఉంటుంది. వాయువు మొదట నిండేది అక్కడే. ముందుగానే 50 గీత వరకు నీళ్లుంచి, మిగిలినదంతా చిన్న కొలజాడీలోకి వదిలి ఆ జాగా ఎంతో రాసిపెట్టుకోండి. చర్య ముగిశాక లోపలి నీటిమట్టం, బయటి నీటిమట్టం సమానం చేసి చదవాలి. సమానం కాకపోతే ప్రతి 13.6 మిల్లీమీటర్ల నీటి తేడాకూ ఒక మిల్లీమీటరు పాదరసం చొప్పున పీడనం మారుతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. వస్తున్నది హైడ్రోజన్.

ఇక మన జిల్లాల సంగతి. కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం 760 మిల్లీమీటర్లు కాదు, 685-690 దగ్గర ఉంటుంది. తీరానికి దగ్గరున్న గంజాం జిల్లా బరంపురంలో 760కి దగ్గరగా ఉంటుంది. రాయగడ ఈ రెండింటి నడుమ, 740 ప్రాంతంలో. పుస్తకాలన్నీ 760 మీద లెక్కలు ఇవ్వడంతో పిల్లలు కొరాపుట్‌లో కూర్చుని కూడా 760 వేస్తారు.

లెక్క వేసి చూద్దాం. 0.110 గ్రాముల జింకు తీసుకున్నాం, కొరాపుట్‌లో 25 డిగ్రీల దగ్గర, 688 మిల్లీమీటర్ల పీడనంలో 45.0 మిల్లీలీటర్ల వాయువు వచ్చింది. నీళ్ల మీద పట్టిన ఆ వాయువులో నీటి ఆవిరి కూడా ఉంటుంది, 25 డిగ్రీల దగ్గర దాని పీడనం, అంటే నీటి బాష్పపీడనం, 23.8 మిల్లీమీటర్లు. దాన్ని తీసేస్తే హైడ్రోజన్ పీడనం 664.2, అంటే 0.874 అట్మాస్ఫియర్లు. వాయు సమీకరణం (PV = nRT) ప్రకారం మోల్‌లు 0.001608, జింకు 0.1051 గ్రాములు, స్వచ్ఛత 95.5 శాతం. ఇదే కొలతకు 760 వేసి, బాష్పపీడనం తీయడం మరచిపోతే 109 శాతం వస్తుంది. బాష్పపీడనం తీసి, 760 మాత్రం అలాగే ఉంచినా 106 వస్తుంది. వంద దాటితే తప్పని ఎవరికైనా తెలుస్తుంది, మళ్లీ చేస్తారు. నాకు భయం దాని గురించి కాదు. అసలు స్వచ్ఛత 85 శాతమే ఉన్న నమూనాకు, ఇవే రెండు తప్పులు చేస్తే 97 వస్తుంది. ఆ అంకె చూసి ఎవరూ అనుమానపడరు, రికార్డులో రాసేసి సంతకం పెట్టించుకుంటారు.

ఇదే జింకును బరంపురం తీసుకెళ్లి 30 డిగ్రీలు, 756 మిల్లీమీటర్ల దగ్గర చేస్తే 45 కాదు, 42 మిల్లీలీటర్ల వాయువే వస్తుంది. లోహం అదే, స్వచ్ఛత అదే. రెండు ఊళ్ల పిల్లలు ఫలితాలు పోల్చుకునేటప్పుడు మిల్లీలీటర్లు కాదు, మోల్‌లు పోల్చుకోవాలి.

పీడనం తెలుసుకోవడానికి ఫోన్‌లోని వాతావరణం యాప్‌ను నమ్మకండి. అది హెక్టోపాస్కల్‌లలో చూపించే 1010 లాంటి అంకె సముద్రమట్టానికి సర్ది చెప్పేది, మీ గదిలోని పీడనం కాదు. కొన్ని ఫోన్లలో బారోమీటర్ సెన్సర్ ఉంటుంది, దాని రీడింగ్ నేరుగా చూపించే యాప్ వేసుకుంటే అది పనికొస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో బారోమీటర్ ఉంటే ఇంకేం కావాలి. రెండూ లేకపోతే కొండ మీది ఊళ్లో వాయువు పద్ధతి జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం.

అప్పుడు చేతిలో ఉండేది బ్యాక్ టైట్రేషన్. బలం తెలిసిన ఆమ్లం కావలసినదానికన్నా ఎక్కువే పోసి, జింకు పూర్తిగా కరిగాక మిగిలిన ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో తేల్చడం. ఇందులో పీడనం లేదు, బాష్పపీడనం లేదు. తక్కెడ మిల్లీగ్రాము తూచలేకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే నమూనా ఎక్కువ తీసుకోవచ్చు. 0.01 గ్రాము వరకే తూచే తక్కెడతో 0.110 గ్రాములు తూస్తే తొమ్మిది శాతం దాకా తేడా రావచ్చు. 2.00 గ్రాములు తూస్తే అదే తక్కెడ అర శాతం లోపల ఉంచుతుంది. 2.00 గ్రాముల జింకును 100 మిల్లీలీటర్ల ఒక మోలార్ (లీటరుకు ఒక మోల్ ఉన్న) హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, 250కి నింపి, అందులో 25 మిల్లీలీటర్లు తీసి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే 41.2 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి. మొత్తంలో మిగిలిన ఆమ్లం 41.2 మిల్లీమోల్‌లు, ఖర్చయింది 58.8, ఒక జింకుకు రెండు ఆమ్లం కనుక జింకు 29.4 మిల్లీమోల్‌లు. బరువు 1.922 గ్రాములు, స్వచ్ఛత 96.1 శాతం.

ఇందులో మూడు జాగ్రత్తలు. సూచికగా, అంటే ముగింపును రంగు మార్చి చూపే పదార్థంగా, మిథైల్ ఆరెంజ్ వాడాలి, ఫినాఫ్తలీన్ వాడకూడదు. ఫినాఫ్తలీన్ గులాబీ రంగుకు వచ్చేలోపే జింకు హైడ్రాక్సైడ్ తెల్లగా విరిగి, క్షారాన్ని తనే మింగేస్తుంది, మీ అంకెకు అర్థం ఉండదు. రెండోది, వేడి చేసి కరిగించకండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరైతే ఆ నష్టం కూడా జింకు ఖాతాలోకే వెళుతుంది. మూడోది ఆమ్లం బలం. ఇక్కడ జవాబు ఒక తీసివేతలోంచి వస్తుంది. ఆమ్లం బలంలో ఒక శాతం తేడా ఉంటే స్వచ్ఛతలో 1.7 శాతం తేడా వస్తుంది. సీసా మీది చీటీని నమ్మకుండా ఆ రోజే అదే సోడియం హైడ్రాక్సైడ్‌తో ఆమ్లాన్ని కూడా తేల్చుకోవాలి.

ఇప్పుడు మలినాల దగ్గరికొద్దాం. రెండు పద్ధతులూ విడిపోయేది ఇక్కడే. జింకు పాతదై తెల్లగా పొర కట్టిందనుకోండి, తీరంలో తేమకు ఇది మామూలే. ఆ పొరలోని ఆక్సైడ్ ఆమ్లాన్ని తింటుంది కానీ హైడ్రోజన్ ఇవ్వదు. 90 శాతం జింకు, 10 శాతం జింకు ఆక్సైడ్ ఉన్న పొడికి వాయువు పద్ధతి 90 అని నిజం చెబుతుంది, బ్యాక్ టైట్రేషన్ 98 అంటుంది. కనుక ఆక్సైడ్ అనుమానం ఉంటే వాయువు పద్ధతే కావాలి. పొరలో కార్బొనేట్ ఉంటే మాత్రం కార్బన్ డయాక్సైడ్ కూడా వచ్చి వాయువు కొంత పెరుగుతుంది. సజల ఆమ్లంలో ఒక్కసారి ముంచి, కడిగి, ఆరబెట్టి తూచుకుంటే ఆ గొడవ తప్పుతుంది. అయితే అప్పుడు మీరు చెప్పేది కడిగిన జింకు స్వచ్ఛత మాత్రమే, ఆ మాట రికార్డులో రాయాలి.

మలినం ఇనుమో అల్యూమినియమో అయితే రెండు పద్ధతులూ మోసపోతాయి, రెండూ ఒకే వైపుకు. గ్రాముకు గ్రాము చూస్తే అల్యూమినియం జింకుకన్నా 3.6 రెట్లు ఎక్కువ హైడ్రోజన్ ఇస్తుంది, అంతే ఎక్కువ ఆమ్లం తింటుంది. మూడు శాతం అల్యూమినియం కలిసిన జింకు 108 శాతం స్వచ్ఛమైనదిగా కనిపిస్తుంది. రాగి కలిస్తే ఈ బెడద లేదు, అది అడుగున నల్లని పొడిలా మిగిలిపోతుంది.

ఫ్లాస్కును చర్యకు ముందు, తర్వాత తూచి, తగ్గిన బరువును హైడ్రోజన్ బరువుగా తీసుకునే పద్ధతి కూడా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఒక గ్రాము జింకుకు వచ్చే హైడ్రోజన్ 0.031 గ్రాములు. మామూలు తక్కెడకు అది అందదు, నురగతో ఎగిరే ఆమ్లం తుంపరలే అంతకన్నా ఎక్కువ బరువుంటాయి. సున్నపురాయిలాంటి కార్బొనేట్లకు ఆ పద్ధతి బాగుంటుంది, లోహాలకు వద్దు.

అల్యూమినియం: ఆమ్లమా, క్షారమా?

అల్యూమినియం ఈ రెండింటిలోనూ కరుగుతుంది, రెండింటిలోనూ రెండు మోల్‌ల లోహానికి మూడు మోల్‌ల హైడ్రోజనే వస్తుంది. లెక్క ఒకటే అయినప్పుడు ఏదైనా ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. క్షారంలో ఇనుము, మెగ్నీషియం, రాగి కదలవు, జింకు, సిలికాన్ కరిగి హైడ్రోజన్ ఇస్తాయి. ఆమ్లంలో అటుదిటుగా ఉంటుంది: ఇనుము, మెగ్నీషియం, జింకు వాయువునిస్తాయి, సిలికాన్ ఉలకదు. సిలికాన్ ఇచ్చే హైడ్రోజన్ గ్రాముకు అల్యూమినియం ఇచ్చేదానికన్నా ఎక్కువ కూడా. కాబట్టి పోతపోసిన యంత్రభాగం ముక్కకు, అంటే సిలికాన్ కలిసే రకానికి, ఆమ్లం. ఇనుము గానీ మెగ్నీషియం గానీ కలిసిందని అనుమానమున్నదానికి క్షారం.

క్షారం ఇనుమును వదిలేస్తుందన్నది మన పక్కనే రోజూ పెద్ద ఎత్తున జరిగే పని. కొరాపుట్ జిల్లా దామంజోడిలో నాల్కో శుద్ధి కర్మాగారం పంచపట్‌మాలి కొండ బాక్సైట్‌ను కాస్టిక్ సోడాతోనే కరిగిస్తుంది. అల్యూమినియం ద్రావణంలోకి వెళుతుంది, ఇనుము ఆక్సైడ్ ఎర్రమట్టిగా వెనక ఉండిపోతుంది. అక్కడ తయారయ్యేది అల్యూమినా, దాన్నుంచి లోహం తీసేది అంగుల్‌లో. దామంజోడి పిల్లలకు ఈ ఎంపిక గురించి చెప్పేటప్పుడు వేరే ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు.

అల్యూమినియానికి బ్యాక్ టైట్రేషన్ మాట ఎత్తకండి. దాని లవణమే నీళ్లలో ఆమ్లంలా ప్రవర్తిస్తుంది, ముగింపు బిందువు ఎక్కడో తేలదు. వాయువు పద్ధతిలో ఇబ్బంది బరువు దగ్గర. 50 మిల్లీలీటర్ల బ్యూరెట్ పొంగకుండా ఉండాలంటే కొరాపుట్‌లో 0.030 గ్రాములకు మించి తీసుకోకూడదు, మిల్లీగ్రాము తక్కెడకు కూడా అది కష్టమే. రేకు అయితే ఒక ఉపాయం ఉంది. ఒకే వెడల్పున్న మీటరు పొడవు పట్టీ కత్తిరించి, దాన్ని తూచి, అందులో ఎన్ని సెంటీమీటర్లు కావాలో లెక్కకట్టి కోయండి. మెగ్నీషియం రిబ్బన్‌కూ ఇదే ఉపాయం. రిబ్బన్‌ను గరుకు కాగితంతో రుద్ది మెరిపించాకే తూచాలి. దాన్ని మూసలో కాల్చి పెరిగిన బరువుతో లెక్కించడం కన్నా ఆమ్లంలో వేసి వాయువు కొలవడమే నయం. కాలేటప్పుడు కొంత మెగ్నీషియం గాలిలోని నైట్రోజన్‌తో కలుస్తుంది, కొంత తెల్లని పొగై పోతుంది. రెండూ బరువును తగ్గించి మంచి రిబ్బన్‌ను చెడ్డదిగా చూపిస్తాయి.

ఇనుము: పర్మాంగనేట్‌కే నా ఓటు

ఇనుమును సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిస్తే ఫెర్రస్ అయాన్లు వస్తాయి. పొటాషియం పర్మాంగనేట్ ఒక మోల్, ఐదు మోల్‌ల ఫెర్రస్‌ను ఫెర్రిక్‌గా మారుస్తుంది. సూచిక అక్కర్లేదు, లేత గులాబీ రంగు నిలిచినచోట ఆపడమే. జింకు, అల్యూమినియం, కార్బన్ ఇందులో తలదూర్చవు. మేకుకు జింకు పూత ఉంటే వాయువు పద్ధతి దాన్నీ ఇనుముగా లెక్కవేస్తుంది, పర్మాంగనేట్ వేయదు. ప్లస్ టూ ల్యాబ్‌లో మోర్ లవణం, ఆక్సాలిక్ ఆమ్లంతో పిల్లలు ఈ టైట్రేషన్ చేసే ఉంటారు కాబట్టి చేయి కూడా తిరిగి ఉంటుంది.

1.40 గ్రాముల మేకు ముక్కలు కరిగించి 250 మిల్లీలీటర్లకు నింపి, 25 మిల్లీలీటర్లకు 0.0200 మోలార్ పర్మాంగనేట్ 24.4 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. అది 0.488 మిల్లీమోల్‌లు, ఐదు రెట్లు 2.44, మొత్తానికి 24.4 మిల్లీమోల్‌ల ఇనుము. 55.85తో హెచ్చవేస్తే 1.363 గ్రాములు, 97.3 శాతం.

హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మాత్రం కరిగించకూడదు. క్లోరైడ్ కూడా పర్మాంగనేట్‌ను ఖర్చు చేసి ఇనుమును ఎక్కువ చేసి చూపిస్తుంది. కరిగిన ద్రావణాన్ని గాలికి వదిలేస్తే ఫెర్రస్ తనంతట తనే ఫెర్రిక్‌గా మారి అంకె తగ్గుతుంది. వేడి మీద ఉండగానే గాలి చొరబడకుండా మూసి, చల్లారగానే టైట్రేట్ చేయాలి. పర్మాంగనేట్ బలం నిలకడగా ఉండదు, అదే వారంలో ఆక్సాలిక్ ఆమ్లంతో 60-70 డిగ్రీల దగ్గర తేల్చుకున్నదై ఉండాలి.

తుప్పు విషయంలో చాలామంది పొరబడతారు. తుప్పు నుంచి వచ్చేది ఫెర్రిక్ కాబట్టి పర్మాంగనేట్ దాన్ని చూడదని అనుకుంటారు. కానీ ద్రావణంలో ఇంకా కరగని ఇనుము ఉంటే, అది ఆ ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చేస్తుంది, తనూ ఫెర్రస్ అవుతుంది. అప్పుడు తుప్పులోని ఇనుము కూడా లెక్కలోకి వస్తుంది. వాయువు పద్ధతిలో దీనికి ఎదురు: అలా ఖర్చయిన ఇనుము హైడ్రోజన్ ఇవ్వదు, అంకె పడిపోతుంది. ఏ పద్ధతైనా తుప్పు పూర్తిగా గీకేశాకే మొదలుపెట్టండి.

ఇత్తడి, వెండి

జింకు పొడి, రాగి పొడి కలిపిన మిశ్రమానికి ఆమ్లం పోసి జింకు శాతం కనుక్కోమనే లెక్క ప్రతి పుస్తకంలో ఉంటుంది. ఆ లెక్కను ఇత్తడికి వర్తింపజేయకండి. కలిపిన పొడుల్లో జింకు విడిగా ఉంటుంది, ఇత్తడిలో రాగితో కరిగి కలిసిపోయి ఉంటుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఇత్తడి ముక్క వేసి గంటసేపు చూసినా చెప్పుకోదగ్గ వాయువు రాదు.

దానికి అయోడోమెట్రీయే దారి. గంజాం జిల్లా బెలగుంఠలో చేసే ఒంపులు తిరిగే ఇత్తడి చేపలాంటి వస్తువు నుంచి కొద్దిగా ఆకురాయి పొడి తీస్తే చాలు. దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, గోధుమరంగు పొగ పూర్తిగా పోయేదాకా కాచి, ఆమ్లాన్ని సర్ది, పొటాషియం అయోడైడ్ కలిపితే రాగి అయోడిన్‌ను విడుదల చేస్తుంది. ఆ అయోడిన్‌ను థయోసల్ఫేట్‌తో తేలుస్తాం. ఒక రాగికి ఒక థయోసల్ఫేట్. 0.300 గ్రాముల పొడికి 0.1 మోలార్ థయోసల్ఫేట్ 30.2 మిల్లీలీటర్లు పడితే రాగి 64 శాతం. స్టార్చ్‌ను ద్రావణం లేత గడ్డి రంగుకు వచ్చాకే వేయాలి. నైట్రోజన్ ఆక్సైడ్‌లు మిగిలితే అవి కూడా అయోడిన్‌ను విడుదల చేస్తూనే ఉంటాయి, నీలం రంగు పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. అందుకని కాచడంలో తొందర పనికిరాదు, యూరియా కాస్త కలిపితే ఇంకా మంచిది. ఇనుము ఉంటే ఫ్లోరైడ్ కలిపి దాన్ని కట్టేయాలి. ఆ పొగ విషం. ఫ్యూమ్ హుడ్ (పొగను బయటికి లాగేసే గూడు) లేని స్కూలు ల్యాబ్‌లో ఈ ప్రయోగం పెట్టకండి.

వెండికి వోల్‌హార్డ్ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఫెర్రిక్ ఆలమ్ సూచికతో పొటాషియం థయోసయనేట్ పోస్తూ పోతే ఎర్రరంగు నిలిచినచోట ముగింపు. ఒకటికి ఒకటి. 0.500 గ్రాములకు 0.1 మోలార్ ద్రావణం 42.6 మిల్లీలీటర్లు పడితే వెండి 91.9 శాతం. వెండిలో మామూలుగా కలిపే రాగి ఆ మోతాదులో దీనికి అడ్డం రాదు. సిల్వర్ క్లోరైడ్‌గా అవక్షేపించి తూచడం కూడా ఉంది, దానికి మంచి తక్కెడ, బోలెడు ఓపిక, వెలుతురు తగలని చోటు కావాలి. రోజుకు ఒకటి రెండు నమూనాలకైతే సరే, పదిమంది పిల్లల బ్యాచ్‌కు వోల్‌హార్డే నయం.

అయితే అమ్మమ్మ కడియాలో, పట్టీలో తెచ్చి "కొంచెం కోసి చూద్దామండీ" అంటే నేను ఒప్పుకోను. స్టాయికియోమెట్రీ, అంటే ఈ మోల్ లెక్క, ఎంత బాగా చెప్పినా కరిగించినది తిరిగి రాదు. అలాంటివాటికి హాల్‌మార్కింగ్ కేంద్రంలో ఎక్స్-రే యంత్రంతో చూపించుకోవడం మంచిది. వస్తువు చెక్కుచెదరదు, నిమిషాల్లో తేలిపోతుంది. ఆ యంత్రం పైపొరను మాత్రమే చూస్తుంది కనుక, పూత వేశారన్న అనుమానం ఉంటే వెనకవైపు కనపడని చోట కాస్త గీకి, అక్కడ పెట్టి చూడమని అడగండి.